రిజర్వులో కూర్చున్న గోల్ కీపర్

పడమటి మండలాల మాట – 17

2024 జనవరి నెలను ఒకసారి గుర్తు చేసుకోండి. సంక్రాంతికి ఢిల్లీలో ప్రధానమంత్రి తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫోటోలు దేశమంతా తిరిగినాయి. ఆ వారం టీవీ పెడితే చాలు, మా పుంగనూరు పేరే. పొట్టి ఆవు ముద్దుగా ఉందని ఎక్కడెక్కడి వాళ్ళో మురిసిపోయినారు.

అదే నెలలో మన రాష్ట్రంలో ‘ఆడుదాం ఆంధ్రా’ నడుస్తా ఉంది. క్రికెట్, వాలీబాల్, బ్యాడ్మింటన్, కబడ్డీ, ఖోఖో. ఊరూరా కిట్లు, ఫ్లెక్సీలు, ప్రారంభోత్సవాలు.

అదే నెల 24 నుంచి 27 దాకా ఒమన్ దేశంలోని మస్కట్‌లో మహిళల హాకీ ఫైవ్స్ మొట్టమొదటి ప్రపంచ కప్పు జరిగింది. మన దేశం ఫైనల్ దాకా పోయి నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడింది. ప్రపంచంలో రెండో స్థానం. ఆ జట్టు కెప్టెన్ పేరు ఎతిమరపు రజని. యర్రావారిపాళెం మండలం యనమలవారిపల్లె బిడ్డ. పాత చిత్తూరు జిల్లా. మదనపల్లెలో తిరుపతి బస్సెక్కితే పీలేరు దాటినాక భాకరాపేట వస్తుంది కదా, ఆ పక్కనే, తలకోన జలపాతం ఉండే మండలం.

ఆవు సంగతి తెలిసిన వాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళూ నేను తిరిగే ఊళ్ళే. ఆ వారం రజని ఫోటోతో ఒక్క ఫ్లెక్సీ నా కంట పడలేదు. ‘ఆడుదాం ఆంధ్రా’ అన్న ప్రభుత్వం ఎంచుకున్న అయిదు ఆటల్లో హాకీయే లేదు.

ఆవు మీద నాకు కోపం లేదు. పుంగనూరు జాతిని కాపాడటానికి పలమనేరులో ప్రభుత్వ పరిశోధనా కేంద్రం ఉంది. అంతరించిపోతున్న జాతి అని తెలిసినాక షెడ్లు వేసి, మేత పెట్టి, జీతమిచ్చి మనుషుల్ని పెట్టి నిలబెట్టినారు. మంచి పనే. ఒక పశువు జాతి నిలబడాలంటే ఏళ్ళ తరబడి ఖర్చు పెట్టాలని సర్కారుకు తెలుసు. ఆటగాళ్ళు మాత్రం వాళ్ళంతట వాళ్ళే మొలుస్తారనీ, పతకం తెచ్చినాక ఒక శాలువా కప్పితే చాలనీ ఎందుకు అనుకుంటారు? ఈ భాగంలో నా ప్రశ్న ఇదే.

*

రజని కథ చాలామందికి తెలియకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆమె గోల్ కీపర్. అది కూడా ఎక్కువ కాలం రెండో గోల్ కీపర్.

భారత మహిళల జట్టుకు మొదటి గోల్ కీపర్ సవితా పునియా, హర్యానా బిడ్డ. ప్రపంచంలోనే మేటి గోల్ కీపర్లలో ఒకరు. సవితా, రజనీ ఇద్దరూ 1990లోనే పుట్టినారు. దీని అర్థం ఏందో ఆలోచించండి. ముందున్న మనిషి పెద్దదైతే, ఆమె రిటైర్ అయినాక నా వంతు వస్తుందని ఎదురుచూడొచ్చు. ముందున్న మనిషిదీ నీ వయసే అయితే ఆ ఆశ కూడా లేదు. మిగతా ఆటగాళ్ళను మ్యాచ్‌లో పది నిమిషాలకోసారి మారుస్తా ఉంటారు. గోల్ కీపర్‌ను మార్చరు. ఉండేది ఒకటే గోల్ పోస్టు.

అయినా పదేళ్ళకు పైగా రజని అక్కడే నిలబడింది. తెల్లవారుజామున లేచి అవే ప్యాడ్లు కట్టుకుని, అంతే బరువు మోసి, ప్రాక్టీసులో సవితకు ఎన్ని బంతులు కొడితే ఈమెకూ అన్ని బంతులు. రోజుకు వందల బంతులు ఒంటి మీదికి తీసుకుని, మ్యాచ్ రోజు బయట కూర్చోవడం. పిలిస్తే ఆ నిమిషానికే సిద్ధంగా ఉండాలి. పిలవకపోతే ముఖం మాడ్చకూడదు. 2017లో ఆసియా కప్పు గెలిచిన జట్టులో ఉంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చిన జట్టులో ఉంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కంచు తెచ్చిన జట్టులో ఉంది. రియో, టోక్యో ఒలింపిక్స్ దాకా జట్టుతో పాటు పోయింది. 33 ఏళ్ళ వయసులో, చాలామంది ఆట వదిలేసే వయసులో, ప్రపంచ కప్పులో దేశానికి కెప్టెన్ అయింది.

తండ్రిది వడ్రంగి పని. ఊరిపక్క జిల్లా పరిషత్ బడిలో పట్టుకున్న హాకీ కర్ర. ఆమె కులమేందని నేను అడగను, చెప్పను. చేతిపని చేసుకునే ఇంటి నుంచి, పేరు తెలియని పల్లె నుంచి, ఇంగ్లీషూ హిందీ రాని నోటితో ఆ క్యాంపులకు పోయిన ఆడబిడ్డ అక్కడ పదేళ్ళు నిలబడటం అంటే ఏందో మన వాడల్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

‘రిజర్వు’ అనే మాట వింటే మనకు వేరే సంగతి గుర్తుకొస్తుంది. ఉద్యోగంలో, కాలేజీలో మన వెనక గుసగుసగా వినపడే మాట. రిజర్వేషనోడు. అంటే అర్హత లేకుండా లోపలికొచ్చినోడని వాళ్ళ లెక్క. హాకీలో రిజర్వు అంటే తలకిందులు. అర్హత అంతా ఉండి బయట కూర్చున్న మనిషి. మన చరిత్రంతా ఈ రెండో అర్థంలోనే ఉంది. మొదటి అర్థం వాళ్ళు మన మీద రుద్దింది.

*

ఇప్పుడు అదే జట్టులోని ఇంకో మనిషి దగ్గరికి వస్తాను.

2021 టోక్యో ఒలింపిక్స్‌లో మన మహిళలు సెమీఫైనల్ చేరినారు. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియానే 1-0తో ఓడించినారు. అంతకు ముందు జులై 31న దక్షిణాఫ్రికా మీద 4-3తో గెలవబట్టి ఆ క్వార్టర్ ఫైనల్ దొరికింది. ఆ నాలుగు గోల్స్‌లో మూడు వందనా కటారియావి. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత మహిళ ఆమె. దళిత ఇంటి బిడ్డ. అదే ఏడాది మే నెలలో తండ్రి చనిపోతే, బెంగళూరు క్యాంపులో ఉండి ఆఖరి చూపుకు కూడా పోలేకపోయింది.

ఆగస్టు 4న సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో 2-1తో ఓడినారు. ఆ రోజు హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో వందన ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చి చిందులేసినారు. జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిందని కులం పేరుతో తిట్టినారని కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసులు అరెస్టులు చేసినారు. నాలుగు రోజుల కిందటి మూడు గోల్స్ దేశానివి. ఓటమి మాత్రం ఆమె కులానిది.

“ఆటలో కులమేందన్నా, ఆటకు కులం లేదు” అని మనకు నీతులు చెప్పే సోదరులు ఈ తారీకు గుర్తుపెట్టుకోవాలి. మైదానంలో లేకపోవచ్చు. మైదానం నుంచి ఇంటికి వచ్చే దారిలో ఉంది.

వందన ఆగలేదు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆట నుంచి తప్పుకునేనాటికి 320 మ్యాచ్‌లు, 158 గోల్స్. అప్పటికి దేశంలో మరే మహిళా అన్ని మ్యాచ్‌లు ఆడలేదు. ఇన్నేళ్ళూ ఆమెకు రైల్వే ఉద్యోగం ఉంది. ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకోవద్దు. మహిళల హాకీని ఈ దేశంలో బతికించిన వాటిలో రైల్వే ఉద్యోగం ఒకటి. నెల జీతం లేకపోతే పేదింటి బిడ్డ 30 ఏళ్ళ దాకా ఆట ఆడలేదు. ఇంట్లో వాళ్ళు పెళ్ళి చేసి పంపేస్తారు, లేదా పనికి పంపుతారు. కర్ణం మల్లీశ్వరి సంగతి కూడా అంతే. శ్రీకాకుళం నుంచి పోయి 2000లో సిడ్నీలో 240 కేజీలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ అయింది. ఆట అయిపోయినాక ఫుడ్ కార్పొరేషన్ ఉద్యోగం నిలబెట్టింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయింది. పట్టుదల, సంకల్పం అని మనవాళ్ళు తెగ రాస్తారు. పట్టుదలకు కూడా ఒకటో తారీకు జీతం కావాలి.

*

రజనికి మన ప్రభుత్వం ఏమిచ్చింది?

2021 ఆగస్టులో, టోక్యో అయినాక, అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారు ఆమెను పిలిపించి సత్కరించినారు. 25 లక్షల నగదు, తిరుపతిలో వెయ్యి గజాల స్థలం, నెలకు 40 వేలు, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించినారు. దాంతోపాటు, ముందరి ప్రభుత్వం ప్రకటించి పెండింగులో పడిన 67.5 లక్షలు కూడా విడుదల చేయమన్నారు.

ఈ చివరి వాక్యం మళ్ళీ చదవండి. ఒక ప్రభుత్వం సభ పెట్టి, మైకు పట్టుకుని ప్రకటించింది. చప్పట్లు కొట్టించుకుంది. డబ్బు మాత్రం ఇంకో ప్రభుత్వం వచ్చి, ఇంకో ఒలింపిక్స్ అయి, ఇంకో సత్కారం జరిగేదాకా పెండింగు. మధ్యలో ఆ మనిషి ఆడుతూనే ఉంది. ఆ ప్యాడ్లు, ఆ బూట్లు, ఆ తిండి ఎట్లా గడిచింది? జట్టు సెమీఫైనల్ దాకా పోకపోయుంటే ఆ పెండింగు ఫైలు ఎవరు తీసేవాళ్ళు?

నేను పార్టీల లెక్క మాట్లాడటం లేదు. ఇద్దరిదీ ఒకటే పద్ధతి. రాజుగారు సంతోషించి మెడలో హారం తీసి ఇచ్చే పద్ధతి. రాజుకు మనసొస్తే కోటి, రాకపోతే శాలువా. ఇచ్చేవాడి చేయి పైన, పుచ్చుకునేవాడి చేయి కింద. మనం ఈ చేతుల లెక్క బాగా ఎరిగినవాళ్ళం. కళ్ళంలో ధాన్యం కొలిచిపోసే రోజుల నుంచి ఎరుగుదుం. అందుకే బాబాసాహెబ్ దానం అడగలేదు, హక్కు రాసిపెట్టినాడు.

2024 చివర్లో ఇప్పటి ప్రభుత్వం కొత్త క్రీడా విధానం తెచ్చింది. ఒలింపిక్ బంగారానికి 7 కోట్లు, వెండికి 5 కోట్లు, కంచుకు 3 కోట్లు అన్నారు. ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటా 2 నుంచి 3 శాతానికి పెంచినారు. కోటా పెంచింది మంచిది, ఒప్పుకుంటాను. బంగారానికి 7 కోట్లంటే వినడానికి బాగుంటుంది. కానీ ఆ 7 కోట్లు ఎప్పుడిస్తారు? గెలిచినాక. గెలవక ముందు పదిహేనేళ్ళు ఎవరు పెట్టుకోవాలి? అమ్మానాన్న.

వరంగల్ జిల్లా కల్లెడ గ్రామం జీవాంజి దీప్తిని చూడండి. కూలి చేసుకునే తల్లిదండ్రులు. మేధోపరమైన లోపంతో పుట్టిన బిడ్డ. ఊళ్ళో పిల్లను పిచ్చిదని, కోతి అని ఏడిపించినారు. కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాదు పంపమంటే బస్సు ఛార్జీకే ఇబ్బంది పడిన ఇల్లు. ఖర్చులకు ఉన్న కొంచెం పొలం అమ్ముకున్నారు. ఆ బిడ్డ 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి, తన విభాగంలో ప్రపంచ రికార్డు కొట్టింది. సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కంచు పతకం. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. అంతకు ముందు ఆసియా పారా క్రీడల బంగారంతో వచ్చిన డబ్బుతో ఆ తల్లిదండ్రులు అమ్ముకున్న పొలాన్నే మళ్ళీ కొనుక్కున్నారు.

ఈ కథ పేపర్లో చదివి చాలామంది కన్నీళ్ళు పెట్టుకున్నారు. నాకు మాత్రం భయమేసింది. పతకం వచ్చింది కాబట్టి పొలం తిరిగొచ్చింది. పారిస్ పరుగులో నాలుగో స్థానానికీ మూడో స్థానానికీ ఉండే తేడా రెప్పపాటు. కాలు బెణికి ఉంటే? పొలం పోయి, పతకం రాక, ఆ ఇంటి గతి ఏంది? అట్లా పొలం పోగొట్టుకుని పతకం రాని ఇళ్ళు ఎన్ని ఉంటాయి? వాళ్ళ మీద సినిమా రాదు, వార్త రాదు. పేదవాడి పొలం మీద పందెం కాసి దేశం పతకాలు లెక్కపెట్టుకుంటుంది.

*

ఆట అయిపోయినాక ఏమవుతుందనేది వందేళ్ళ నాటి ప్రశ్న. పాల్వంకర్ బాలూ పేరు మన పిలకాయలకు చెప్పాలి. చమార్ కులం. పూణేలో ఇంగ్లీషు వాళ్ళ క్రికెట్ మైదానం ఊడ్చి, పిచ్ సరిచేసే పనివాడు. నెట్స్‌లో తెల్లదొరలకు బంతులేసి వేసి గొప్ప బౌలర్ అయినాడు. హిందూ జట్టుకు అతని బౌలింగ్ కావాలి. కానీ టీ విరామంలో అతనికి మాత్రం పెవిలియన్ బయట, విడిగా మట్టి కప్పులో టీ. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీసినాడు. హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం అతనికి ఎన్నడూ ఇవ్వలేదు. ఆ పోరాటం నడిచి నడిచి, 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది.

ఆట అయినాక? 1937 బొంబాయి ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయనను అంబేడ్కర్ మీదనే పోటీకి దింపింది. ఆయన ఓడిపోయినాడు. బాలూను నేను తప్పుపట్టను. ఆయన మట్టి కప్పు టీ తాగి గెలిచిన మనిషి. ఒకప్పుడు బాబాసాహెబే మెచ్చుకున్న మనిషి. కానీ పాఠం చూడండి. ఆటలో కెప్టెన్‌గా పనికిరాడన్న సమాజానికి, ఆట అయినాక పోస్టర్‌గా పనికొచ్చినాడు. ఆటగాడికి తన కాళ్ళ మీద నిలబడే బతుకు లేకపోతే, అతని కీర్తి ఎవరి చేతిలోకో పోతుంది. ఈరోజు కూడా మన ఆటగాళ్ళ పక్కన నిలబడి ఫోటో దిగే నాయకులకు కొరత లేదు. ఆటగాడు నిలబడటానికి జాగా లేదు.

*

ఇక మన మూడు ఊళ్ళకు వస్తాను.

కుప్పం స్టేషన్లో తెల్లవారుజామున నిలబడితే బెంగళూరు పనికి పోయే జనం కనిపిస్తారు. బిల్డింగు పనికి, సెక్యూరిటీ గార్డు పనికి, ఇళ్ళలో పనికి. మన వాడలవాళ్ళే ఎక్కువ. దేశం హాకీ క్యాంపు జరిగేది కూడా ఆ బెంగళూరులోనే, సాయ్ కేంద్రంలో. రైలు ఒకటే. ఆ రైల్లో మన బిడ్డలు కర్ర పట్టుకుని పోవడానికి దారి లేదు, పార పట్టుకుని పోవడానికి ఉంది.

పుంగనూరు దగ్గర ఒక వాడలో ఒక ఆడబిడ్డ నాకు తెలుసు. ఖోఖోలో రాష్ట్ర స్థాయికి ఆడింది. ఇప్పుడు సీజన్లో మదనపల్లె టమాటా మార్కెట్లో కాయలు ఏరే పనికి పోతుంది. సర్టిఫికెట్లన్నీ తడవకుండా ఎరువుల సంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకుంది. “అన్నా, ఈ కాగితాలు దేనికన్నా పనికొస్తాయా?” అని అడిగింది. కోటా 3 శాతం ఉంది. కానీ అక్కడ అంతర్జాతీయ, జాతీయ స్థాయి సర్టిఫికెట్లదే ముందు వరస. జాతీయ స్థాయికి పోవాలంటే మంచి మైదానం, మంచి కోచ్, బూట్లు, పాలు, గుడ్లు, ఛార్జీలు కావాలి. అవి ఎవరికి ఉంటాయో వాళ్ళకే ఆ సర్టిఫికెట్. చివరి మెట్టు మీద కోటా పెట్టి మొదటి మెట్టు కట్టకపోతే, మనవాళ్ళు మెట్ల కిందనే నిలబడి ఉంటారు.

హాకీనే తీసుకోండి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి పెద్ద హాకీ అంతా కృత్రిమ గడ్డి మీదికి పోయింది. మట్టి నేల మీద ఆడే పిలకాయలకు అది వేరే ఆట అయిపోయింది. మీ మండలంలో ఏ హాస్టల్ పిల్లలకు అట్లాంటి మైదానం మీద కాలు పెట్టే అవకాశం ఉందో మీరే చూడండి. అంత దూరం వద్దు. మీ ఎస్సీ వాడకు ఆనుకుని పిల్లలు ఆడుకోవడానికి పేరు రాసి ఉన్న స్థలం ఎంత ఉందో చూడండి. రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, రోడ్లతో పాటు ప్రజలందరూ వాడుకునే జాగాలను కూడా చెప్పింది. ఆటస్థలం అందులోకి రాదా?

సాధ్యం కాదని మాత్రం చెప్పొద్దు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు ఇద్దరు ఎవరెస్టు ఎక్కినారు. పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఖమ్మం దళిత బిడ్డ సాధనపల్లి ఆనంద్. వాళ్ళకు ఎత్తు కొత్త కాదు, చేయూత కొత్త. ప్రభుత్వ బడి పూనుకుంటే జరిగింది.

కాబట్టి మన డిమాండ్లు సూటిగా రాసుకుందాం.

ఒకటి. క్రీడాకారులకు ప్రకటించే సొమ్ము మంత్రిగారి దయ కాకూడదు. ఇన్ని రోజుల్లో ఇవ్వాలని గడువు పెట్టి చట్టంలో రాయాలి. గడువు దాటితే వడ్డీతో ఇవ్వాలి.

రెండు. ఎస్సీ, ఎస్టీ హాస్టళ్ళలో, అంబేడ్కర్ గురుకులాల్లో ఆటలు నేర్పే ఉద్యోగాలకు రాష్ట్ర స్థాయి దాకా ఆడి ఆగిపోయిన మన పిల్లలకే శిక్షణ ఇచ్చి తీసుకోవాలి. టమాటాలు ఏరే ఆ చేతులు ఇరవై మంది పిల్లలకు ఖోఖో నేర్పగలవు.

మూడు. 2013లో కొట్లాడి తెచ్చుకున్న సబ్‌ప్లాన్ చట్టం ఉంది. ఆ నిధుల్లోంచి వాడకొక ఆటస్థలం, నియోజకవర్గానికొక మంచి మైదానం కట్టాలి. ఊరి మైదానంలో మూలన ఒక జాగా కాదు. మన పేరుతో, మనం తాళం తీసే మైదానం.

నాలుగు. జాతీయ శిక్షణకు ఎంపికైన పేదింటి బిడ్డకు ఆ రోజు నుంచే నెలనెలా భత్యం ఇవ్వాలి. పతకం కోసం ఏ తల్లీ పొలం అమ్మే పని ఉండకూడదు.

కుప్పం ముఖ్యమంత్రి గారి నియోజకవర్గం. అక్కడే మొదలుపెట్టమని అడుగుదాం. అక్టోబర్ 2న గ్రామసభ జరిగేటప్పుడు ప్రతి వాడ నుంచీ ఇద్దరు లేచి, మా వాడ ఆటస్థలం సర్వే నంబరు ఎంత అని అడగండి. జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ కాగితాలన్నీ ఒకచోట పెట్టి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసుకు పోదాం. రజని పేరు, దీప్తి పేరు, వందన పేరు ఆ అర్జీలో రాద్దాం. ఆ ఖోఖో చెల్లెలు కూడా వస్తానంది, తన ప్లాస్టిక్ కవరుతో.

వచ్చే భాగంలో హాస్టల్ మెస్ ఛార్జీల గురించి రాస్తాను. పరుగెత్తే బిడ్డకు పూటకు ఎంత తిండి కావాలో, మనవాళ్ళకు ఎంత పెడుతున్నారో లెక్కలు వేసి మాట్లాడుకుందాం.

జై భీమ్.